తలతిరుగుడు, సగమే అందిన స్కాను: దూరం నుంచి చదివిన బేసిలార్ స్ట్రోక్ కేసు

ఇది బోధన కోసం కూర్చిన కేసు: మెదడు కాండానికి రక్తం అందించే బేసిలార్ ధమని గడ్డతో మూసుకుపోయిన రోగిది. ఆసుపత్రికి దూరంగా ఉండి రాత్రి డ్యూటీలో న్యూరోరేడియాలజీ చదివేవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కుల్ని ఒకే రోగి చుట్టూ అమర్చాం. సమయాలన్నీ రోగి ఉన్న ఆసుపత్రి గడియారం ప్రకారం, 24 గంటల పద్ధతిలో ఇచ్చాం. రిపోర్టులో కూడా అలాగే రాయాలి. చదివేవారు వేరే టైమ్ జోన్‌లో ఉన్నప్పుడు వర్క్‌లిస్ట్ (చదవాల్సిన స్కానుల జాబితా) వారి స్థానిక సమయం చూపిస్తుంది. "ఆఖరుసారి బాగున్న సమయం" నుంచి గంటలు లెక్కపెట్టేటప్పుడు, ముఖ్యంగా అర్ధరాత్రి తేదీ మారేచోట, తప్పు దొర్లేది అక్కడే.

రోగి, రిక్వెస్టు

వయసు 58, పురుషుడు, బరువు 72 కిలోలు. బీపీ, షుగరు ఉన్నాయి. 21:40 దాకా మామూలుగానే ఉన్నారు. ఆ తర్వాత ఒక్కసారిగా తల తిరిగింది, వాంతులయ్యాయి, మాట ముద్దగా వచ్చింది. 23:35కి ఎమర్జెన్సీకి చేరారు. స్ట్రోక్ తీవ్రతను కొలిచే ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ స్కోరు 4. 23:52కి తల సీటీ, 23:57కి తల, మెడ సీటీ ఆంజియో (నాళాలు కనిపించేలా కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసే సీటీ) పూర్తయ్యాయి.

రేడియాలజిస్టుకు చేరిన రిక్వెస్టులో రాసిన మాటలు ఇంతే: "తలతిరుగుడు, వాంతులు. రక్తస్రావం ఉందా?" మాట ముద్దగా రావడం గురించి అందులో లేదు. తలతిరుగుడు ఒక్కటే అయితే చెవి లోపలి సమస్య కావచ్చు. దానికి మాట తడబాటు తోడైతే మెదడు కాండం గురించి ఆలోచించాల్సిందే. ఆసుపత్రిలో ఉన్నవారైతే నాలుగడుగులు వేసి రోగిని చూసి వస్తారు. దూరంగా ఉన్నవారికి ఆ పని చేసిపెట్టేది ఫోను ఒక్కటే. అందుకే వెనక భాగపు రక్తప్రసరణ గురించి అనుమానం వచ్చిన ప్రతి కేసులోనూ రిపోర్టు రాయకముందే ఒక ఫోను చేయాలి. అడగాల్సినవి: మాట ఎలా ఉంది? చూపు రెండుగా కనిపిస్తోందా? నడవగలరా? మత్తుగా ఉన్నారా? లక్షణాలు తగ్గుతూ మళ్లీ వస్తున్నాయా?

ఇక్కడ ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ 4 అన్న అంకె కూడా మోసం చేస్తుంది. ఆ స్కేలు చేతులు, కాళ్లు, భాష వైపు మొగ్గుతుంది. తలతిరుగుడుకు, వాంతులకు, నడకలో తూలడానికి అందులో మార్కుల్లేవు.

23:58 నుంచి 00:05 వరకు: ఏం వచ్చింది, ఏం రాలేదు

23:58కి కాంట్రాస్ట్ లేని సీటీ వచ్చింది: 5 మి.మీ. మందంలో 32 స్లైసులు. కాసేపటికే ఆంజియోలో 3 మి.మీ. స్లైసులు, 20 మి.మీ. మందం మిప్ ఇమేజీలు (ఆ మందంలో అన్నిటికంటే తెల్లగా ఉన్నవాటినే చూపేవి) కూడా చేరాయి. వర్క్‌లిస్ట్‌లో స్టడీ "చదవడానికి సిద్ధం" అని కనిపించింది. పెద్ద రక్తనాళం మూసుకుపోయిందా అని చూసే కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్ "కనబడలేదు" అంది.

చూడ్డానికి అన్నీ ఉన్నట్టే ఉంది. ఈ కేసులో అసలు ప్రమాదం ఇదే. సగం వచ్చిన సిరీస్‌లో ఖాళీ కనిపించదు. వ్యూయర్ తన దగ్గరున్న ఇమేజీలను వరసగా చూపిస్తుంది, అంతే. పైగా మిప్‌లు, మందపు స్లైసులు ముందే చేరడంతో తల నుంచి ఛాతీ దాకా చూసేశామన్న భావన కలుగుతుంది.

సన్నటి 0.625 మి.మీ. సిరీస్‌లో అప్పటికి 212 ఇమేజీలే అందాయి. సీటీ ఆంజియోను మహాధమని వంపు దగ్గర మొదలుపెట్టి, పైకెక్కే కాంట్రాస్ట్‌ను వెంటాడుతూ నడినెత్తి దాకా తీస్తారు. ఇమేజీలు కూడా అదే వరసలో వస్తాయి. 212 ఇమేజీలంటే సుమారు 13 సెంటీమీటర్లు, అంటే ఛాతీ పైభాగం నుంచి మెడ దాకా. తల ఇంకా ప్రయాణంలోనే ఉంది.

మందపు స్లైసులతో సరిపెట్టుకోకూడదా అంటే, బేసిలార్ విషయంలో కూడదు. ఆ ధమని వ్యాసం 3 నుంచి 4 మి.మీ. మాత్రమే. అది కపాలం అడుగున ఉండే క్లైవస్ ఎముకను ఆనుకుని పైకెళ్తుంది. 20 మి.మీ. మిప్‌లో ఆ మందంలోని అత్యధిక సాంద్రతే తెరమీదకు వస్తుంది కాబట్టి, డార్సమ్ సెల్లా, క్లైవస్ ఎముకలు నాళం మీద పడి గడ్డను కప్పేస్తాయి. 3 మి.మీ. స్లైసుల్లో 9 మి.మీ. పొడవున్న మూత (నాళం మూసుకుపోయిన చోటు) మూడు స్లైసుల్లోనే ఉంటుంది. దానికి కింద, బేసిలార్‌గా కలిసే రెండు వర్టిబ్రల్ ధమనులు నిండుగా, పైన బేసిలార్ చివర కూడా నిండుగా కనిపిస్తాయి. పై భాగం నిండేది ముందు, వెనక ప్రసరణలను కలిపే పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ ధమనుల నుంచి వెనక్కి వచ్చిన రక్తంతో. వేగంగా స్క్రోల్ చేస్తే మధ్యలోని ఆ మూడు స్లైసులు కళ్లముందే జారిపోతాయి.

సాఫ్ట్‌వేర్ చెప్పిన "కనబడలేదు" అన్న ఫలితానికి ఇక్కడ విలువ లేదు. ఇలాంటి పరికరాల్లో చాలావాటిని ముందు భాగపు ప్రసరణ కోసం, అంటే అంతర కెరోటిడ్, మిడిల్ సెరిబ్రల్ ధమని మొదటి భాగం కోసం తయారు చేశారు. మీ సాఫ్ట్‌వేర్‌ ఏ నాళాలను చూస్తుందో, ఎన్ని స్లైసులు అందితే ఫలితం ఇస్తుందో కాగితం మీద రాసి తెర పక్కన పెట్టుకోండి. డ్యూటీ మధ్యలో వెతుక్కునే సమాచారం కాదది.

కాంట్రాస్ట్ లేని సీటీలో దొరికిన ఆధారం

రక్తస్రావం లేదు. మామూలు బ్రెయిన్ విండోలో (తెరమీద చూపే సాంద్రతల పరిధి: వెడల్పు 80, లెవెల్ 40) మెదడు కాండం చుట్టూ పెట్రస్ ఎముకల మధ్య గీతలు పడ్డాయి. ఆ చోట ఇన్‌ఫార్క్ట్ (రక్తం అందక దెబ్బతిన్న భాగం) లేదని చెప్పడానికి సీటీ చాలదు. విండో వెడల్పును 40కి తగ్గించి చూస్తే పాన్స్ (మెదడు కాండం నడుమ భాగం) ముందు బేసిలార్ చుక్క తెల్లగా కనిపించింది. కొలిస్తే సాంద్రత 68 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు. రెండు కెరోటిడ్లలో, సిగ్మాయిడ్ సైనస్‌లలో (మెదడు నుంచి రక్తం బయటికి వెళ్లే సిరలు) 44 చుట్టూ ఉంది.

ఒక్క అంకెను నమ్ముకోవద్దు, పోల్చి చూడాలి. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) ఎక్కువున్నవారిలో నాళాలన్నీ తెల్లగానే ఉంటాయి. అలాంటప్పుడు కెరోటిడ్లు, సైనస్‌లు కూడా అదే స్థాయిలో పెరుగుతాయి. గోడలో సున్నం పేరుకుంటే యూనిట్లు 130 దాటతాయి, ఆకారం కూడా వంపుగా అంచునే ఉంటుంది. గడ్డ అయితే నాళం మధ్యలో నిండుగా, 60–80 మధ్య ఉంటుంది. ఈ కేసులో ఒక్క నాళమే పక్కవాటికంటే 24 యూనిట్లు ఎక్కువగా ఉంది. దాంతో ఆంజియో తల భాగం చూడకుండా రిపోర్టు ఇవ్వడం కుదరదని తేలిపోయింది.

00:05: కన్సోల్‌కు (స్కానర్ నడిపే కంప్యూటర్ దగ్గరికి) ఫోను

"ఆంజియో సన్న స్లైసులు మీ కన్సోల్‌లో ఎన్ని చూపిస్తున్నాయండీ?"
"642, మేడమ్."
"నా దగ్గర 212 ఉన్నాయి. ఆ పంపకం ఆపి, 403 నుంచి 642 వరకు ఉన్నవి ముందు పంపండి. లాస్‌లెస్ కంప్రెషన్ ఆన్ చేయండి."

సంభాషణ ఇంత చిన్నదిగానే ఉండాలి. "ఇంకా రాలేదు, మళ్లీ పంపండి" అంటే టెక్నాలజిస్టు మొత్తం స్టడీని మొదటినుంచి మళ్లీ క్యూలో పెడతారు. మళ్లీ ఛాతీ నుంచే మొదలవుతుంది, తల ఇంకా ఆలస్యమవుతుంది. ఏ నంబరు నుంచి ఏ నంబరు వరకు కావాలో చెప్పాలి.

లెక్క చూద్దాం. ఒక సీటీ ఇమేజీ 512 × 512 పిక్సెళ్లు, ఒక్కోదానికి 2 బైట్లు, అంటే సుమారు అర ఎంబీ. 642 ఇమేజీలు 321 ఎంబీ. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ నిలకడగా ఉంటే రెండు నిమిషాల చిల్లర. ఇక్కడ అర్ధరాత్రి మొదలైన సర్వర్ బ్యాకప్ అదే లైను మీద నడుస్తూ మిగతావాటికి 3 ఎంబీపీఎస్ మాత్రమే వదిలింది. ఆ వేగంతో మొత్తం సిరీస్‌కు 14 నిమిషాలు పడుతుంది. తల భాగపు 240 ఇమేజీలు 120 ఎంబీ. లాస్‌లెస్‌తో (వివరం పోకుండా కుదించడంతో) దాదాపు సగమై, మూడు నిమిషాల లోపు చేరాయి.

వేగం ఒక్కటే చాలదు. డైకామ్ (వైద్య ఇమేజీలు పంపే ప్రమాణ పద్ధతి) పంపకంలో మామూలుగా ఒక్కో ఇమేజీకి "అందింది" అన్న జవాబు వచ్చాకే తర్వాతిది కదులుతుంది. రాకపోకలకు 100 మిల్లీసెకన్లు పట్టే లైనులో 642 ఇమేజీలకు ఒక నిమిషం పైగా ఈ ఎదురుచూపులకే పోతుంది. బ్యాండ్‌విడ్త్ పెంచినా ఆ నిమిషం తగ్గదు. ఒకేసారి మూడు, నాలుగు అసోసియేషన్లు (డైకామ్ కనెక్షన్లు) తెరిచి పంపేలా డైకామ్ రౌటర్‌ను సెట్ చేస్తే తగ్గుతుంది.

ఇంకో లోపం ఇంతకంటే చికాకు పెడుతుంది. పింగ్ వెళ్తుంది, వర్క్‌లిస్ట్ తెరుచుకుంటుంది, ఇమేజీ మాత్రం మొదలై ఆగిపోతుంది. వీపీఎన్ తన హెడర్లు కలిపాక ప్యాకెట్ 1500 బైట్లు దాటి మధ్యలో ఎక్కడో పడిపోతుంటే ఇలా జరుగుతుంది. టన్నెల్ ఎంటీయూను (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1400కు తగ్గించడం మొదట చేసి చూడాల్సిన పని.

00:09 నుంచి 00:17 వరకు: ఆంజియో చదవడం

తల భాగం చేరాక సన్న స్లైసుల నుంచి 3 మి.మీ. మందంతో సాజిటల్, కొరోనల్ రీఫార్మాట్లు (పక్క నుంచి, ముందు నుంచి చూసే ఇమేజీలు) తీశాం. ఎముకకూ నాళానికీ తేడా తెలియాలంటే విండో వెడల్పు 700, లెవెల్ 200 చుట్టూ పెట్టుకోవాలి. బేసిలార్ నడుమ భాగంలో 9 మి.మీ. పొడవున కాంట్రాస్ట్ లేదు. ఎడమ వర్టిబ్రల్ పెద్దది, కుడిది సన్నది, రెండూ బేసిలార్‌లో కలుస్తున్నాయి. మూత పైన బేసిలార్ చివర, రెండు పోస్టీరియర్ సెరిబ్రల్ ధమనులు, సుపీరియర్ సెరిబెల్లార్ ధమనులు నిండాయి. కుడి పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ ధమని బాగుంది, ఎడమది చాలా సన్నం.

బేసిలార్ సన్నగా ఉన్నంతమాత్రాన మూసుకుపోయినట్టు కాదు. రెండు వైపులా పోస్టీరియర్ సెరిబ్రల్ ధమనులు కెరోటిడ్ నుంచే పుట్టే పిండదశ అమరిక ఉంటే బేసిలార్ సహజంగానే చిన్నది. కానీ మొదటి నుంచి చివరిదాకా ఒకే వెడల్పులో, సున్నితమైన అంచుతో ఉంటుంది. ఇక్కడ పై కొస, కింది కొస రెండూ మామూలు వెడల్పులో ఉండి మధ్యలో హఠాత్తుగా తెగిపోయింది. అదే తేడా.

మెదడు ఎంత దెబ్బతిందో చెప్పే వెనక భాగపు ఆస్పెక్ట్స్ స్కోరు 10 నుంచి మొదలవుతుంది. థాలమస్, చిన్నమెదడు, పోస్టీరియర్ సెరిబ్రల్ ప్రాంతం: దెబ్బతిన్న ఒక్కో వైపుకు 1 చొప్పున తీసేయాలి. మిడ్‌బ్రెయిన్‌లో ఎక్కడున్నా 2, పాన్స్‌లో ఎక్కడున్నా 2. ఆంజియో మూల ఇమేజీల మీద చూస్తే ఎడమ చిన్నమెదడులో చిన్న మసక ఉంది. స్కోరు 9.

పెర్ఫ్యూజన్ (మెదడు కణజాలానికి రక్తం ఎలా అందుతోందో చూసే స్కాను) అడగలేదు. రక్తప్రవాహం 30 శాతం కంటే తక్కువ, టీమ్యాక్స్ (రక్తం చేరడంలో ఆలస్యం) 6 సెకన్లు దాటడం అన్న హద్దులు ముందు భాగపు స్ట్రోకుల్లో స్థిరపడ్డవి. వెనక కపాల కోటరంలో ఎముక గీతలు ఎక్కువ, చాలా స్కానర్లలో కవరేజీ పాన్స్ దాకా రాదు. మూత కళ్ల ముందు కనిపిస్తుంటే ఇంకో 40 మి.లీ. కాంట్రాస్ట్, ఇంకో పది నిమిషాలు ఖర్చుపెట్టడం దండగ.

00:17: స్ట్రోక్ డాక్టరుకు ఫోను

రిపోర్టు టైపు చేశాక కాదు, చేయకముందే. వాక్యాలు ఈ వరసలో ఉండాలి: "రోగి పేరు, ఐడీ చివరి నాలుగు అంకెలు ఇవి. రక్తస్రావం లేదు. బేసిలార్ నడుమ భాగం పూర్తిగా మూసుకుపోయింది, పొడవు 9 మి.మీ. వెనక భాగపు ఆస్పెక్ట్స్ స్కోరు 9. మెడ భాగం ఇంకా చూడాలి, పది నిమిషాల్లో చెబుతాను. డాక్టర్ గారూ, నేను చెప్పినది ఒకసారి తిరిగి చెప్పండి." తిరిగి చెప్పించుకోవడం మర్యాదకు అడ్డు కాదు. లైను సరిగ్గా లేనప్పుడు "ఉంది", "లేదు" అన్న మాటలే ముందు చెరిగిపోతాయి. ఎవరితో మాట్లాడారో, ఏ సమయానికో, తిరిగి చెప్పారో లేదో రిపోర్టులో రాయాలి.

అత్యవసరంలో "గుర్తుతెలియని పురుషుడు" అన్న తాత్కాలిక ఐడీతో స్కాను తీసి, తర్వాత అసలు ఐడీలో కలిపేస్తుంటారు. ఆ విలీన సందేశం దూరాన ఉన్న వర్క్‌లిస్ట్‌కు ఆలస్యంగా రావచ్చు, రాకపోవచ్చు. ఫోనులో ఐడీతో పాటు వయసు, స్కాను సమయం కూడా సరిచూసుకోవడం అందుకే.

ఫోను నడుస్తుండగానే రోగి మత్తులోకి జారారు. 00:20కి ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ 14. బేసిలార్ గడ్డలో ఈ ఎగుడుదిగుడు మామూలే. థ్రాంబెక్టమీ (క్యాథెటర్‌తో గడ్డను బయటికి తీయడం) నిర్ణయానికి ఈ మార్పు ముఖ్యం. 2022లో వెలువడిన రెండు ట్రయల్స్, అటెన్షన్, బావోషే, ఈ చికిత్సకు బలమైన ఆధారం ఇచ్చాయి. అటెన్షన్‌లో 12 గంటల లోపు వచ్చినవారిలో, 90 రోజుల తర్వాత నడవగలిగే స్థితికి చేరినవారు థ్రాంబెక్టమీతో 46 శాతం, మందులతోనే అయితే 23 శాతం. ఆ ట్రయల్‌లో చేర్చుకున్నది ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ స్కోరు 10, ఆపై ఉన్నవారినే. స్కోరు 4 దగ్గర ఆధారం ఇంత గట్టిగా లేదు. ఇమేజీ మారకపోయినా రోగి పరిస్థితి మారితే నిర్ణయం మారుతుంది కాబట్టి ఫోను పెట్టేముందు "ఇప్పుడెలా ఉన్నారు?" అని అడగాలి.

00:28కి గడ్డను కరిగించే మందు టెనెక్టెప్లేజ్ 18 మి.గ్రా. ఇచ్చారు. కిలోకు 0.25 మి.గ్రా. లెక్క, గరిష్ఠం 25. ఆఖరుసారి బాగున్న సమయం నుంచి 2 గంటల 48 నిమిషాలు, నాలుగున్నర గంటల హద్దు లోపలే.

00:31: మెడ భాగం, అడెండమ్ (అనుబంధ రిపోర్టు)

మిగిలిన ఇమేజీలు 00:24కి చేరాయి. మెడను వదిలేయకూడదు. క్యాథెటర్ వెళ్లే దారి అదే. ఎడమ వర్టిబ్రల్ మొదట్లో ఓ మోస్తరు ఇరుకు, డిసెక్షన్ (నాళం గోడలో చీలిక) లేదు, మహాధమని వంపు సూటిగా ఉంది. ఎడమ వైపు నుంచి వెళ్లవచ్చని అడెండమ్‌లో రాసి మళ్లీ ఫోను చేశాం. తల రిపోర్టును మెడ కోసం ఆపలేదు. అలాగని తల రిపోర్టులో "మెడ నాళాలు మామూలు" అనీ రాయలేదు. మొదటి రిపోర్టులో ఉన్న వాక్యం ఇది: "ఆంజియో 642 ఇమేజీల్లో 403–642 చదివాం. మిగతావి అందాల్సి ఉంది, అడెండమ్ ఇస్తాం."

ఈ వాక్యం టెంప్లేట్‌లోనే ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. ప్రతి సిరీస్ పక్కన "అందినవి / తీసినవి" అని రెండు అంకెలు పెడితే, నింపకుండా రిపోర్టు సంతకం కాకుండా చేయవచ్చు. ప్యాక్స్‌ను (ఇమేజీలు భద్రపరిచే సర్వర్) అడిగితే సిరీస్‌లోని ఇమేజీల సంఖ్య (0020,1209) ట్యాగులో తిరిగి రావచ్చు. కానీ ఆ ట్యాగు ఐచ్ఛికం. పైగా అది చెప్పేది ప్యాక్స్‌కు చేరిన సంఖ్యే. స్కానర్ తీసిన సంఖ్య తెలియాలంటే టెక్నాలజిస్టు స్కాను ముగియగానే ఆ అంకెను నోట్‌లో రాసి పంపాలి. పది సెకన్ల పని.

01:48కి నాళం పూర్తిగా తెరుచుకుంది. మరుసటి రోజు ఎంఆర్‌ఐలో పాన్స్ ఎడమ వైపు చిన్న చుక్క, ఎడమ చిన్నమెదడులో చిన్న ఇన్‌ఫార్క్ట్ కనిపించాయి.

ఇంట్లో చదివే గదికి కావలసినవి

తెరలు: గరిష్ఠ వెలుగు కనీసం చదరపు మీటరుకు 350 కాండెలా, డైకామ్ గ్రేస్కేల్‌కు క్యాలిబ్రేట్ చేసినవి, పిక్సెల్ మధ్య దూరం 0.21 మి.మీ. మించకుండా. గదిలో వెలుతురు 25 నుంచి 50 లక్స్. కిటికీ వెలుగు తెర మీద పడితే పై కేసులోని 24 యూనిట్ల తేడా కంటికి ఆనదు. రోజూ డ్యూటీ మొదట్లో టెస్ట్ ప్యాటర్న్ తెరిచి 5 శాతం, 95 శాతం గళ్లు విడిగా కనిపిస్తున్నాయో చూడాలి.

లైన్లు రెండు ఉండాలి. రెండూ ఒకే స్తంభం మీదుగా, ఒకే కేబుల్‌లో వస్తే రెండున్నట్టు కాదు. ఒకటి ఫైబర్, ఇంకోటి మొబైల్ నెట్‌వర్క్ మేలు. యూపీఎస్ మీద కంప్యూటర్‌తో పాటు రౌటర్, ఫైబర్ పెట్టె కూడా ఉండాలి. చాలామంది మర్చిపోయేది ఆ పెట్టెనే. వీపీఎన్ బ్యాకప్ లైనుకు మారినప్పుడు తెరిచిన అసోసియేషన్ తెగిపోతుంది, ఇమేజీల లెక్క మళ్లీ మొదటినుంచి చూసుకోవాలి.

ఆసుపత్రి వైపు మూడు మార్పులు సరిపోతాయి. బ్యాకప్‌ల కంటే డైకామ్‌కు ప్రాధాన్యం ఇవ్వడం, స్ట్రోక్ ప్రోటోకాల్‌లో తల భాగపు సన్న సిరీస్‌ను వేరుగా రీకన్‌స్ట్రక్ట్ చేసి ముందు పంపడం, స్కానర్ గడియారాన్ని నెట్‌వర్క్ సమయంతో కలపడం. స్కానర్ ఆరు నిమిషాలు ముందుంటే రికార్డుల్లో మందు ఇచ్చిన సమయం స్కాను కంటే ముందు పడిపోవచ్చు.

ఏదీ పనిచేయనప్పుడు ఎవరు చదవాలో ముందే రాసి ఉంచాలి. స్ట్రోక్ కేసులో 15 నిమిషాల్లో తల ఇమేజీలు అందకపోతే ఆసుపత్రిలో ఉన్న డాక్టరు కన్సోల్ దగ్గరే నిలబడి చదవాలి, దూరాన ఉన్నవారు ఫోనులో స్లైసు నంబర్లు చెప్పి నడిపించాలి. కన్సోల్ తెరను ఫోనుతో ఫొటో తీసి పంపడం అలవాటు కానివ్వకూడదు. అందులో విండో మార్చలేం, రోగి వివరాలు బయటికి పోతాయి.

డ్యూటీ మారేటప్పుడు ఈ రోగి గురించి అప్పగించిన వాక్యం: చిన్నమెదడు ఇన్‌ఫార్క్ట్ ఉబ్బడం మూడో రోజు ప్రాంతంలో ఎక్కువ, నాలుగో వెంట్రికిల్ నొక్కుకుపోతోందా, పక్క వెంట్రికిల్స్ పెరుగుతున్నాయా అని ప్రతి సీటీలో పాతదానితో పోల్చి రాయండి, మత్తు పెరిగితే షెడ్యూలు కోసం ఆగకుండా వెంటనే తీయించండి.